గెడ్డ వరదకి చిన్న మట్టిగట్టు: ఎత్తు కంటే ముందు అలుగు, మదుము చూసుకోండి

మీరు అడిగింది ఇది: ఉత్తరాంధ్రలో మెంటాడ వైపు కొండ కింద ఊరు. పైన సుమారు 100 హెక్టార్ల మీద పడ్డ వానంతా ఒకే గెడ్డలోకి (కొండవాగులోకి) దిగి, తుపాను రోజుల్లో రెండు గంటల్లోనే పొలాలనూ దారినీ ముంచేస్తోంది. ఊరంతా కలిసి నాలుగైదు మీటర్ల మట్టిగట్టు వేస్తే వరద ఆగుతుందా, ఏ మట్టి వాడాలి, ఎంత ఖాళీ వదలాలి?

గట్టు వరదని ఆపదు, నిదానం చేస్తుంది. రెండు గంటల్లో వచ్చిపడే నీటిని ఒక పగలూ రాత్రీ మీద కిందికి వదలడమే దాని పని. అందుకే వరద గట్టు వెనక చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. మన దగ్గర ఇలాంటి గట్లు పనికిరాకుండా పోయేది ఎక్కువగా ఇక్కడే. ఉభాలకి (వరి నాట్లకి) నీళ్లు చాలవని మదుము (గట్టు అడుగున నీరు వదిలే తూము) మూసేస్తారు. వరి పొట్ట మీదున్నప్పుడు మళ్లీ మూస్తారు. సరిగ్గా అదే అక్టోబరు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చింది. నిండు గట్టు మీద తుపాను వాన పడితే దిగువకి వచ్చే వరద అంతగా తగ్గదు, పైగా గట్టు తెగే ముప్పు తోడవుతుంది.

లెక్క చూద్దాం. 100 హెక్టార్ల మీద 100 మి.మీ. వాన పడి అందులో 40 శాతం పారితే 40,000 ఘనపు మీటర్ల నీరు. అలుగు (గట్టు నిండాక మిగులు నీరు పొర్లిపోయే దారి) మట్టం గెడ్డ అడుగు నుంచి 3 మీటర్లు, ఆ మట్టంలో నీరు పరుచుకునే మేర 3 హెక్టార్లు అయితే వెనక పట్టేది సుమారు 36,000 (లోతునీ మేరనీ హెచ్చించి, అందులో 0.4 వంతు). అంటే ఒక మోస్తరు వానకి సరిపోతుంది. తుపానుకి 200 మి.మీ. పడితే అలుగు పారి తీరుతుంది, కాబట్టి అలుగుని వరద మొత్తానికీ కట్టాలి. గట్టు అప్పటికే నిండి ఉండగా రెండో వాన వచ్చిందనుకునే లెక్క కట్టండి.

వరద ఎంతని చూడటానికి మన ఇంజినీర్లు వాడే రైవ్స్ సూత్రం ఉంది: చదరపు కిలోమీటర్లలో విస్తీర్ణాన్ని 2/3 ఘాతానికి తీసుకెళ్లి గుణకంతో హెచ్చించాలి. తీరానికి 80 కిలోమీటర్లలోపు గుణకం 6.8, కొండల పక్క చిన్న పరీవాహకాలకి సుమారు 10. మీది కొండ కిందే కాబట్టి 10 తీసుకోండి. 100 హెక్టార్లంటే ఒక చదరపు కిలోమీటరు, కాబట్టి సెకనుకి 10 ఘనపు మీటర్లు. అలుగు మీద నీరు 60 సెం.మీ. మందంతో పారితే మీటరు పొడవుకి సుమారు 0.8 ఘనపు మీటరు దాటుతుంది, 13 మీటర్ల అలుగు కావాలి. అదే 30 సెం.మీ. మందంతో పారాలంటే 36 మీటర్లు. కొండవైపు చోటుంటే పొడవాటి అలుగే మేలు, కింద కోత తగ్గుతుంది. ఊళ్లలో ఎక్కువగా చేసే పొరపాటు ఏమిటంటే డబ్బంతా గట్టు ఎత్తుకి పెట్టి, అలుగుకి నాలుగైదు మీటర్లు వదిలి సరిపెట్టడం.

అలుగుని పోసిన మట్టి మీద కట్టకూడదు. గట్టు చివర కొండని ఆనుకుని తవ్వని గట్టి నేల మీద ఉండాలి. గోడలు మట్టిని తాకే వైపు నిటారుగా కాకుండా, పైకి పోయేకొద్దీ కాస్త సన్నబడేలా, ఎత్తు 10కి అడ్డం 1 వాలుతో కట్టించండి. మట్టి దిగేకొద్దీ గోడకి అదుముకుంటుంది. నిటారు గోడ పక్కన మట్టి దిగితే సందు పడుతుంది, నీరు ముందు వెతుక్కునేది ఆ సందునే.

ఇప్పుడు ఎత్తు. అలుగు మట్టం 3 మీటర్లు, మీద పారే నీరు 0.6, ఆపైన ఖాళీ 0.9, మొత్తం 4.5 మీటర్లు. పైన ట్రాక్టరు నడవడానికి 3 మీటర్ల వెడల్పు, నీటివైపు వాలు అడ్డం రెండున్నరకి ఎత్తు ఒకటి, బయటివైపు రెండుకి ఒకటి. అడుగున 23 మీటర్లకి పైగా వస్తుంది. నడి గెడ్డలో గట్టు మీటరు పొడవుకి 59 ఘనపు మీటర్ల మట్టి. రోలింగ్‌లో కుదించుకుపోతుంది కాబట్టి 100 ఘనపు అడుగుల ట్రాక్టరు ట్రక్కుతో మీటరుకి దాదాపు 26 ట్రాక్టర్లు. ఖర్చు ఆ లెక్కతో వేసుకోండి. రోలింగ్ చేసినా మట్టి తర్వాత కొంత దిగుతుంది, అందుకని నడుమ 20–25 సెం.మీ. ఎక్కువ ఎత్తు ఉంచాలి. లేకపోతే రెండేళ్లకి గట్టు నడుమ పల్లమై, నీరు మీది నుంచి దాటేది అక్కడే అవుతుంది.

మట్టి విషయంలో కంటికి ఎర్రగా కనబడితే చాలదు. వేళ్ల మధ్య పామితే పెన్సిల్ కంటే సన్నగా దారంలా రావాలి. సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి కుదిపి ఒక రోజు వదిలితే అడుగున ఇసుక, మీద ఒండ్రు, ఆపైన బంక పొరలుగా తేరతాయి. బంక 20–30 శాతం ఉంటే బాగుంటుంది. ఎక్కువైతే ఎండకి పగుళ్లు వస్తాయి. మూడో పరీక్షను ఎవరూ చేయరు గానీ అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే: శనగ గింజంత ఎండు మట్టిబిళ్లని గాజు గ్లాసులో బ్యాటరీ నీళ్లలో (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) కదపకుండా వేసి పది నిమిషాలు చూడండి. బావి నీళ్లు వద్దు, వాటిలోని లవణాలు ఫలితాన్ని మారుస్తాయి. బిళ్ల విరిగి కుప్పలా పడితే ఫరవాలేదు. చుట్టూ పాలలాంటి మబ్బు లేస్తే అది చవుడు గుణమున్న మట్టి. ఎంత రోలింగ్ చేసినా సన్న పగులులోంచి నీరు పారితే ఆ మట్టి కరిగి సొరంగమవుతుంది. అలాంటిది దగ్గర్లో దొరికినా వాడకండి. మట్టిని గట్టు పాదానికి కనీసం 15 మీటర్ల అవతల నుంచి తియ్యండి. లోపలివైపు తవ్వినా ఇసుక పొర బయటపడేంత లోతు వెళ్లొద్దు.

పునాదిలో పై మట్టి, వేళ్లు, గెడ్డలో మేటవేసిన ఇసుక 30 సెం.మీ. వరకూ లాగేసి, గట్టు పొడవునా నడుమ ఒక కందకం తవ్వాలి. దీన్ని ఇంజినీర్లు సీవోటీ (కట్-ఆఫ్ ట్రెంచ్) అంటారు. గట్టి నేల తగిలేదాకా దిగి, అందులోకి మరో అర మీటరు పోవాలి. అడుగు వెడల్పు మీటరున్నర ఉంటే రోలరుకి వీలు. గెడ్డ అడుగు ఇసుక మీద నేరుగా గట్టు పోస్తే గట్టెంత బాగున్నా నీరు కింద నుంచి పోతుంది.

మట్టిని 15–20 సెం.మీ. పొరలుగా పరిచి, తడిపి, 8–10 టన్నుల రోలరుతో 6–8 సార్లు తొక్కించాలి. తడి సరిపోయిందో లేదో చేతిలోనే తెలుస్తుంది: ముద్ద నిలిచి, నడుమెత్తు నుంచి పడేస్తే రెండు మూడు ముక్కలైతే చాలు. పొడిపొడిగా రాలితే ఎండు, చేతికి తడి అంటితే ఎక్కువ. జేసీబీతో తట్టడాన్నీ, డోజరు తిరగడాన్నీ రోలింగ్‌గా లెక్కెయ్యొద్దు. డోజరు బరువు పట్టీల మీద పరుచుకుంటుంది, నేల మీద ఒత్తిడి తక్కువ. ఉపాధి పనిలో తట్టలతో పోసి వదిలేసిన గట్టు మొదటి నిండుకి నిలవదు. ప్రతి పొర మీదా గీతలు గీసి తర్వాతి పొర వేయండి, లేకపోతే పొరల మధ్య జారుడు పలక మిగులుతుంది. పనంతా జనవరి నుంచి మే లోపు అయిపోవాలి.

మదుముకి 600 మి.మీ. సిమెంటు తూరలు (గొట్టాలు) ఒకే వరస చాలు. 3 మీటర్ల నీరున్నప్పుడు సెకనుకి 1.2 ఘనపు మీటర్ల వరకూ వదులుతాయి, నిండిన నీరు ఒక పగలూ రాత్రిలో దిగిపోతుంది. తూరలు గట్టు వేయకముందే తవ్వని నేల మీద కాంక్రీటు పరిచి పెట్టాలి. తర్వాత గట్టు కోసి పెట్టిన తూరల చుట్టే ఊట మొదలవుతుంది. తూర పక్కల రోలరు పట్టదు కాబట్టి 10 సెం.మీ. పొరలుగా దిమ్మిసతో కొట్టించండి, బయటి చివర చుట్టూ ఇసుక, చిప్స్ (సన్న కంకర) వడపోత పెట్టించండి. లోపలి మూతి మీద ఏటవాలు ఇనుప చువ్వల జాలి తప్పనిసరి. మన కొండల నుంచి జీడిమామిడి కొమ్మలు, వెదురు, నీలగిరి ఆకు అంతా అక్కడికే చేరుతుంది.

నీళ్లు కావాలనే రైతుల మాట కొట్టిపారేయలేం. అందుకు దారి ఉంది. తూర మూతి చుట్టూ మీటరు ఎత్తు తొట్టె కట్టి పైన జాలి వెయ్యండి. ఆ మీటరు లోతు నీరు పశువులకి నిలుస్తుంది, మొత్తం చోటులో పదో వంతు కూడా తగ్గదు, ఎందుకంటే గెడ్డ అడుగున మేర చిన్నది. అంతకు మించి మూయకూడదని ఊరి తీర్మానంలో రాసుకోండి. తొట్టెకి ఇంకా ఎత్తు పెంచడానికి పలకల గాడి పెట్టొద్దు. పెడితే పలకలు వేస్తారు.

బయటి పాదం దగ్గర ఇసుక, చిప్స్, పెద్ద మెటల్ (కంకర), పైన రాళ్లు వరసగా వేసి మీటరు ఎత్తు రాతి పాదం కట్టండి. గట్టు లోపలికి దిగిన నీరు మట్టిని తేకుండా బయటపడుతుంది. వాలులకి గరిక చాలు. తాటిచెట్లూ తుమ్మలూ గట్టు మీద వద్దు. చెట్టు చచ్చాక వేరు కుళ్లిన చోటే నీటికి దారి. ఎలుక, పందికొక్కు బొరియల్ని పైన మట్టి కప్పి ఊరుకోకుండా చివరిదాకా తవ్వి, తడిమట్టితో కూరి పూడ్చండి.

అనుమతి సంగతి. గెడ్డ పోరంబోకు, కాబట్టి తహశీల్దారు, జలవనరుల శాఖ సమ్మతి లేకుండా మొదలుపెట్టకండి. 2021 డ్యామ్ భద్రతా చట్టం ప్రధానంగా 15 మీటర్లు దాటినవాటికి, కొన్ని షరతులతో 10–15 మీటర్లవాటికి. మీ గట్టు దాని కిందికి రాదు, ఏటా వచ్చి తనిఖీ చేసేవారు ఉండరు. గట్టు కింద ఇళ్లుంటే మాత్రం ఈ అంకెలతో సొంతంగా కట్టొద్దు. ఇంజినీరు చేత డిజైన్ చేయించండి. 36,000 ఘనపు మీటర్లు ఒక్కసారి తెగిపడితే ఇప్పటి వరద కంటే ఘోరం.

వాన రాత్రి కాపలా ఉన్నవాళ్లు చూడాల్సింది పాదం దగ్గర ఊట రంగు. తేటగా వస్తే గుర్తు పెట్టి గంటకోసారి చూడండి. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోంది. ఆ నోటిని గోనెలతో బిగించి మూయకండి, మూస్తే పక్కన ఇంకోచోట తన్నుకొస్తుంది. ముందు ఇసుక, దాని మీద చిప్స్, ఆపైన రాళ్లు పోసి నీటిని పోనిస్తూ మట్టిని ఆపండి. అప్పటికీ బురద తగ్గకపోతే దిగువ ఇళ్లవాళ్లని వెంటనే ఖాళీ చేయించండి.