57 దేశాల్ని ఒకే గాటన కట్టకు తమ్ముడూ

తమ్ముడూ,

బ్రిక్స్ మీద, అదే బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా మొదలుపెట్టిన కూటమి మీద, నీ వ్యాసం చదివా. జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన వాళ్ళ సమావేశం పేరా బావుంది. కానీ మూడో పేజీలో ముస్లిం దేశాలన్నీ బ్రిక్స్‌లో చేరి అమెరికాకి చెక్ పెట్టాయని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది, అందుకే ఈ లెటర్.

ముస్లిం దేశాల సంస్థ ఓఐసీలో 57 దేశాలున్నాయి. వాటిలో 2024 జనవరిలో బ్రిక్స్‌లో చేరినవి ఈజిప్ట్, ఇరాన్, యూఏఈ, ఏడాది తర్వాత ఇండోనేషియా, అంతే. సౌదీని పిలిచారు, డేట్ దాటిపోయినా చేరామని గట్టిగా అనలేదు. టర్కీ 1952 నుంచీ అమెరికా ఉన్న మిలిటరీ కూటమి నాటోలో ఉంటూనే బ్రిక్స్ తలుపు కూడా తట్టింది. ఈజిప్ట్‌కి ఏటా అమెరికా ఇచ్చే మిలిటరీ సాయం 130 కోట్ల డాలర్లు, మరి చెక్ ఎవరు ఎవరికి పెట్టినట్టు? యూఏఈది ఇంకా మజా, డాలర్ లేకుండా వ్యాపారం ఎట్లా చెయ్యాలా అని మాట్లాడుకునేవాళ్ళ మధ్య కూర్చుంటుంది, దాని దిర్హమ్ రేటేమో డాలర్‌కే ఫిక్స్. దుబాయ్ నుంచి జగిత్యాలకి డబ్బు పంపేవాళ్ళకి ఈ సంగతి మన టీవీ ఎనలిస్టుల కన్నా బాగా తెలుసు.

నేను ఎప్పుడూ మొత్తుకునేది ఒక్కటే, మతం పేరు పెట్టి కాదు, ఒక్కో రాజధాని పేరు పెట్టి రాయి. ఎవరంటే భయం, ఎవరి దగ్గర అప్పు, ఏం అమ్ముకుంటారు, అది చూడు. 2020లో అజర్‌బైజాన్, ఆర్మేనియాల మధ్య జరిగిన కరాబాఖ్ యుద్ధం మీద నేనిట్లాగే రాశా, అజర్‌బైజాన్‌లో షియాలే ఎక్కువ, ఇరాన్‌లోనూ అంతే, అయినా టెహ్రాన్‌కి క్రైస్తవులుండే ఆర్మేనియాతోనే దోస్తీ, అజర్‌బైజాన్ రాజధాని బాకూకి డ్రోన్లొచ్చింది టర్కీ నుంచి, ఇజ్రాయెల్ నుంచి అని. పేపర్ డెస్క్‌లో ఒకాయన, పాఠకులు కన్ఫ్యూజ్ అవుతారు సార్ అని ఆ పేరా మొత్తం లేపేసి, నెలవంక బొమ్మేసి, మతయుద్ధం అని హెడ్డింగ్ పెట్టాడు. డబ్బులు కూడా ఇవ్వలేదనుకో, అది వేరే గోల. ఈ డెస్కులకి ఎప్పుడూ రెండు రంగుల మ్యాపే కావాలి.

చైనాలోని ముస్లింలు, ఉయ్ఘుర్ల ఊసే లేదేంటి నీ వ్యాసంలో? 2022 అక్టోబర్‌లో జెనీవాలో, మానవ హక్కుల మండలిలో, వాళ్ళుండే షిన్‌జియాంగ్‌లో అణచివేత ఆరోపణల మీద చర్చ పెడదామా అంటే 19-17తో వీగిపోయింది. వద్దన్నవాళ్ళలో పాకిస్తాన్, ఇండోనేషియా, ఖతార్, యూఏఈ ఉన్నాయి. ముస్లిం దేశాల్లో కావాలన్నది సోమాలియా. మలేషియా ఎటూ వెయ్యలేదు. ఇది రాస్తే నీ వాదన కూలిపోతుందనే వదిలేశావని నా అనుమానం.

పుస్తకంగా వేద్దామా అన్నావు, తర్వాత చూద్దాం. 2025 సెప్టెంబర్‌లో సౌదీ, పాకిస్తాన్ చేసుకున్న రక్షణ ఒప్పందం మీద రెండో భాగం రాస్తానన్నావుగా, ముందు రియాద్‌కి అది ఎందుకు కావాల్సొచ్చిందో ఒక పేజీ, ఇస్లామాబాద్‌కి ఎందుకో ఇంకో పేజీ, విడివిడిగా రాసి పంపు. రెండు కారణాలూ ఒకటే అని తేలితే నీ మూడో పేజీని నేనే ఒప్పుకుంటా.