చైనీస్ హీలింగ్ డాన్స్ క్లాసుకి అమ్మను పంపొచ్చా?

అమ్మకి 58 ఏళ్ళు, షుగర్ ఉంది, కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు అన్నారు. మీ కాలనీలో చైనా వైద్యం, తావోయిజం (చైనా ప్రాచీన తత్వం) ఆధారంగా ‘హీలింగ్ డాన్స్’ క్లాసు పెట్టారనీ, మెరిడియన్లు (ఒంట్లో ప్రాణశక్తి ప్రవహిస్తుందని చైనా వైద్యం చెప్పే దారులు) తెరుచుకుంటే మందులు కూడా తగ్గిపోతాయంటున్నారనీ, చేర్పించొచ్చా అనీ అడిగారు.

మందులు తగ్గిస్తామన్న చోట చేర్పించకండి. అంతమాత్రాన ఆ విద్యే అబద్ధం అనుకోవద్దు. ఈ భుజం బాధ నేనూ పడ్డాను. అలాంటి నాట్యమే మూడేళ్ళుగా చేస్తున్నాను కూడా.

మేం ఉండేది సింగపూర్‌లో. 47వ ఏట నాకు ఎడమ భుజం పట్టేసింది. జడ వేసుకోవడం చేతకాక క్లిప్పుతో సరిపెట్టుకునేదాన్ని. వెనక హుక్కులున్న జాకెట్లన్నీ అట్టపెట్టెలోకి వెళ్ళిపోయాయి. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు డాక్టర్. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువగా వస్తుందని రక్తపరీక్ష కూడా రాశారు (నాది బోర్డర్‌లో తేలింది). ఫిజియోథెరపీ మొదలైంది.

ఇక్కడ అపార్ట్‌మెంట్ల కింద వాయిడ్ డెక్ అని ఖాళీ జాగా వదిలేస్తారు. పెళ్ళిళ్ళూ, చావులూ, చదరంగాలూ అన్నీ అక్కడే. పొద్దున ఏడింటికి పదిమంది చైనీస్ పెద్దవాళ్ళు చిన్న స్పీకరు పెట్టుకుని, పులిలా గోళ్ళు చాపుతూ, ఎలుగుబంటిలా ఊగుతూ కనిపించేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఓ రోజు లిఫ్టు దగ్గర నేను కుడిచేత్తో ఎడమ చేతిని మోసుకొస్తుంటే మా పై అంతస్తు ఆంటీ చూశారు. “రేపు రా. ఎలుగు ఒక్కటే చెయ్యి, మిగతావాటి జోలికి రావద్దు” అన్నారు.

దాని పేరు ఊ చిన్ షీ, అంటే ‘ఐదు జంతువుల ఆట’. పులి, జింక, ఎలుగు, కోతి, పక్షి. 208 ప్రాంతంలో చనిపోయిన హువా తువో అనే వైద్యుడు దీన్ని శిష్యుడికి నేర్పాడని మూడో శతాబ్దపు చైనా చరిత్ర గ్రంథంలో ఉంది. ఒంట్లో బాగోకపోతే లేచి ఒక్క జంతువు ఆట ఆడు, కాస్త చెమట పట్టనీ, ఒళ్ళు తేలికై ఆకలి పుడుతుంది అన్నాడట. తిరిగే తలుపు ఇరుసు పుచ్చిపోదు కదా అనేది ఆయన పోలిక. జబ్బులు పోతాయనీ అన్నాడు గానీ, ఒళ్ళు అలిసిపోయేదాకా మాత్రం చెయ్యొద్దన్నాడు! మీ క్లాసు కరపత్రంతో పోల్చి చూడండి.

ఇంకా పాత ఆధారమూ ఉంది. చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో క్రీ.పూ. 168 నాటి సమాధిని 1973లో తవ్వితే, 44 మంది ఆడామగా రకరకాల భంగిమల్లో ఉన్న పట్టువస్త్రం బొమ్మ దొరికింది. ఒక బొమ్మ పక్కన ‘మోకాలి నొప్పిని లాగడం’ అనే అర్థంలో రాసి ఉంటుంది. తావో గురువుల్లో జువాంగ్ జి పేరు మీదున్న గ్రంథమైతే, ఎలుగులా వేలాడుతూ పక్షిలా సాగుతూ ఆయుష్షు కోసం పాకులాడేవాళ్ళ మీద చిన్న చురక కూడా వేస్తుంది. కరపత్రాలవాళ్ళు దాన్ని మాత్రం ఎత్తరు.

ఇప్పుడు ఎక్కువమంది చేసేది 2003లో చైనా ప్రభుత్వ క్రీడా విభాగం తరఫున ప్రామాణికం చేసిన వరస. జంతువుకి రెండేసి కదలికలు, మొత్తం పది. ఎలుగు ఇలా ఉంటుంది: రెండు పిడికిళ్ళూ వదులుగా పొత్తికడుపు ముందు పెట్టుకోవాలి. నడుము పైభాగాన్ని గుండ్రంగా తిప్పాలి. చేతులు వాటంతట అవి కదలకూడదు, ఒంటితోపాటు పక్కటెముకల మీదుగా చుట్టు తిరిగి రావాలి. రెండోది నడక. తుంటి పైకెత్తి, అడుగు ముందుకేసి, పాదం మొత్తం ఒకేసారి ధబ్బున దించాలి. ఆ అదురు తుంటి దాకా తెలుస్తుంది. భుజం ఎక్కడా పైకి లేవదు కాబట్టే ఆంటీ నాకు దీంతో మొదలుపెట్టించారని తర్వాత అర్థమైంది. ఆవిడ చెప్పిన కారణం మాత్రం వేరు. వాళ్ళ వైద్యంలో ఎలుగు ప్లీహానికి (స్ప్లీన్) చెందింది, ప్లీహం అరుగుదలకీ అతి ఆలోచనకీ స్థానం. “నీకు ఆలోచనలెక్కువ” అని తేల్చేశారు. కాదనలేకపోయాను.

చిన్నప్పుడు నాలుగేళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను. జింక దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే మృగశీర్షం (బొటనవేలు, చిటికెనవేలు నిలబెట్టి మిగతావి వంచే జింకతల ముద్ర) పట్టింది. ఆంటీ వచ్చి నా చూపుడువేలు లాగి నిలబెట్టారు. వాళ్ళ జింక కొమ్ముల్లో మధ్యవేలు, ఉంగరం వేలు మాత్రమే ముడుచుకుంటాయి.

మధ్యలో నేనో తెలివితక్కువ పని చేశాను. సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు మీరు చెప్పినలాంటి రెండ్రోజుల వర్క్‌షాప్‌కి ఆరువేలు కట్టాను. కాలేయంలో కోపం పేరుకుందని, అరుస్తూ చేతులు రెక్కల్లా వేగంగా కొట్టమన్నారు. నొప్పి అంటే “అదే బ్లాకేజ్, ఆపొద్దు” అన్నారు. మూడు వారాలు ఆ పక్కకి తిరిగి పడుకోలేదు. తిరిగొచ్చాక ఫిజియో అమ్మాయి చేత చీవాట్లు తిన్నాను. మా ఆంటీ అయితే ఒక్కటే అడిగారు: “నిన్ను ఆపమనకుండా నేర్పిందెవరు?”

ఇప్పుడు జడ వేసుకుంటున్నాను. ఎలుగు వల్లనా, ఫిజియో వల్లనా, కాలం వల్లనా అంటే తేల్చి చెప్పలేను. ఫ్రోజెన్ షోల్డర్ చాలామందికి ఒకటి నుంచి మూడేళ్ళలో చాలావరకు తనంతట తానే సడలుతుంది. నిద్ర మాత్రం బాగుపడింది, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవడం మానేశాను. ఇదే కోవకి చెందిన తాయ్ చీ (మెల్లని కదలికల చైనా వ్యాయామం) మీద పరిశోధనలున్నాయి. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో 195 మంది పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) రోగుల్లో తాయ్ చీ చేసినవాళ్ళకి నిలకడ మెరుగైంది, స్ట్రెచింగ్ చేసినవాళ్ళ కంటే తక్కువసార్లు పడ్డారు. మెరిడియన్లు తెరుచుకోవడం గురించి అందులో ఏమీ లేదు.

ముందు అమ్మగారి భుజం డాక్టర్‌కి చూపించి, షుగర్ ఎలా ఉందో చూడండి. తర్వాత క్లాసుకి ఒకరోజు మీరే వెళ్ళి వెనక కూర్చోండి. నొప్పి అన్నవాళ్ళని ఆ టీచర్ ఏం చేస్తున్నారో గమనించండి. ఆపి, తేలికైన కదలిక చూపిస్తే పంపొచ్చు. పులి, కోతి, పక్షి వద్దు, వాటిలో చేతులో భుజాలో బాగా పైకి లేస్తాయి. పైగా పక్షిలో ఒంటికాలి మీద నిలబడాలి, భుజం సడలాక చేసినా అది గోడ పక్కనే. షుగర్ మందు వేసుకుని పరగడుపున మాత్రం వెళ్ళనివ్వకండి, ఒక ఇడ్లీ అయినా తినిపించి పంపండి. అరికాళ్ళు తిమ్మిరిగా ఉంటాయంటే ఎలుగు నడక ధబ్బుమని వేయించొద్దు, మెల్లగా దించమనండి.