డబ్బు పెట్టి కొన్నాక ‘ఎందుకు కొన్నానా’ అనిపించిన వీడియో గేమ్ ఏది? ఎందుకు నచ్చలేదు?

ఒక జాంబీ సర్వైవల్ గేమ్, అంటే లేచి తిరిగే శవాల మధ్య తిండీ నీళ్ళూ వెతుక్కుంటూ బతకాల్సిన ఆట. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు దాన్ని ఆడేవాళ్ళు పెద్దగా లేరు. ఎర్లీ యాక్సెస్‌లో ఉండగా, అంటే ఇంకా పూర్తికాకుండానే అమ్మకానికి పెట్టిన దశలో, పదిహేను వందల దాకా పోసి కొన్నాను. ట్రైలర్ చూసి పడిపోయాను. వాన, దోచేసిన కిరాణా షాపు, టార్చిలైటు వెలుగులో ఇద్దరు మనుషులు. ఒకడి చేతిలో ఆఖరి నీళ్ళ బాటిల్. పక్కవాడికి ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణం కోసమే కొన్నాను. గేమ్ మొత్తం గాలించినా అది ఎక్కడా దొరకలేదు.

నేను ఆటలకు కొత్తవాణ్ణి కాదు. జావా నేర్చుకుందామని అమీర్‌పేటకు వచ్చిన రోజుల్లో మైత్రీవనం పక్క సందులో ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. గంటకు ఇరవై రూపాయలు. జావా కంటే కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట బాగా వచ్చింది. గంట అయిపోవస్తుంటే కౌంటర్ దగ్గరున్న అన్న కేకేసేవాడు. జేబులో ఇంకో పది ఉందా లేదా అని తడుముకుంటూనే తల కాల్చేవాళ్ళం. ఆ భయంలో సగం కూడా ఈ జాంబీ గేమ్‌లో లేదు.

మే నెల. నిజాంపేటలో మా ఫ్లాట్. మా బామ్మర్ది హాస్టల్ నుంచి శని ఆదివారాలు మా ఇంటికి వచ్చేస్తాడు, ఏసీ కోసం అని వాళ్ళ అక్క అంటుంది. డౌన్‌లోడ్ నలభై జీబీ పైనే, రాత్రంతా పట్టింది. పొద్దున్నే చాయ్ పెట్టుకుని కూర్చున్నాం. ముందు మన పాత్రను తయారుచేసుకోమంది. గడ్డం ఎంత ఉండాలి, కనుబొమల మధ్య దూరం ఎంత, అన్నీ అడిగింది. ముప్పై అయిదు నిమిషాలు అక్కడే పోయాయి. ఆ మొహం తర్వాత ఒక్కసారి కూడా సరిగ్గా కనిపించలేదు, ఆట మొత్తం వీపు వెనక నుంచే.

మొదటి జాంబీ ఒక కారు పక్కన నిలబడి ఉంది. మేం చప్పుడు చేశాం, ఎగిరాం, చుట్టూ తిరిగాం. కదల్లేదు.

“బావా, గిది జాంబీనా, జేఎన్‌టీయూ కాడ బస్సు కోసం నిలబడ్డోడా?” అన్నాడు మా వాడు.

తర్వాత కదిలేవీ వచ్చాయి, కానీ వాటికి గుమ్మం దాటడం రాదు. నాలుగు వస్తే నాలుగూ ఒకే తలుపులో ఇరుక్కునేవి. మనం లోపల టేబుల్ ఎక్కి తీరిగ్గా ఇనుప రాడ్డుతో కొట్టుకోవచ్చు. ఆ రాడ్డు పది దెబ్బలకు విరుగుతుంది, అది వేరే సంగతి. ఇక మన హీరోకి ఆకలి. రోడ్డు మీంచి మేడ మీదకు ఎక్కేలోపే కడుపు ఖాళీ. మా ఊరి పెళ్ళిళ్ళలో మూడో బంతి దాకా ఆగినవాడికి కూడా అంత ఆకలి వేయదు.

ఇవన్నీ బగ్గులు, సరిచేస్తారులే అనుకోవచ్చు. నేను కూడా అలాగే సర్దిచెప్పుకున్నాను. అసలు కోపం నీళ్ళ దగ్గర వచ్చింది.

ఆ గేమ్‌లో ఏ ఇంట్లోకి వెళ్ళినా ఫ్రిజ్‌లో రెండు నీళ్ళ బాటిళ్ళు. పక్కింట్లో రెండు. ఎదురింట్లో రెండు. ఇళ్ళు కూడా ఒకటే అచ్చు, సోఫా రంగు మాత్రం తేడా. మూడో గంటకల్లా నా సంచిలో నలభై బాటిళ్ళు ఉన్నాయి. బరువు ఎక్కువై నడవలేకపోతున్నానని హెచ్చరిక వస్తే వాటిని నేల మీద పారబోయాను. లోకం అంతమైపోయిన ఊళ్ళో నీళ్ళు పారబోస్తున్నాను!

సరిగ్గా అదే వారం మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయింది. నిజాంపేట, బాచుపల్లి వైపు ఉన్నవాళ్ళకు ఎండాకాలం గురించి చెప్పక్కర్లేదు. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియదు. వాచ్‌మన్ సంపులో కర్ర ముంచి ఎన్ని అడుగులున్నాయో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆ ఫోటో కింద మొదలవుతుంది అసలు యుద్ధం. మూడో అంతస్తువాళ్ళు కారు కడిగారు, అయిదో అంతస్తులో చుట్టాలు దిగారు, ఎవరింట్లో వాషింగ్ మెషీన్ రోజుకు రెండుసార్లు తిరుగుతోంది. ఏడేళ్ళుగా నవ్వుతూ పలకరించుకునే మనుషులు అరగంటలో ఒకరి బకెట్లు ఒకరు లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఒక్క జాంబీ లేదు. అయినా ఆ గ్రూపులో ఉన్నంత ఉత్కంఠ నా పదిహేను వందల గేమ్‌లో లేదు.

మా వాడే తేల్చేశాడు: “మన బిల్డింగే నయం గదా బావా. గీడ సంపు ఎండితె అందరికి భయమైతది. ఆ ఆటల ఎవనికీ ఏం కాదు.”

ఈ రకం ఆటల్లో జాంబీ గోడ లాంటిది. మనల్ని ఒక చోట బంధించడమే దాని పని. కథ నడిపించేది లోపల అయిపోతున్న సరుకు. ప్రాజెక్ట్ జాంబాయిడ్ అనే ఇంకో జాంబీ గేమ్ ఆడితే ఇది తెలుస్తుంది. 1993 నాటి అమెరికా కెంటకీలో జరుగుతుంది. పైనుంచి చూసే బొమ్మలే, గ్రాఫిక్స్ చూస్తే మా అమ్మాయి కూడా పెదవి విరిచింది. మొదలుపెట్టేటప్పుడే మీరు బతకరు, ఎలా పోతారన్నదే కథ అని చెప్పేస్తుంది. మామూలు సెట్టింగ్స్‌లో మొదటి నెల లోపే ఎప్పుడో ఒకరోజు కరెంటు పోతుంది, నల్లాలు ఆగిపోతాయి. ఏ రోజో ముందు తెలియదు. అందుకని మొదటి రోజు నుంచే గిన్నెలు, సీసాలు, బాత్‌టబ్బులు నింపి పెట్టుకుంటాం, అచ్చం మనింట్లో లాగే. వాన నీళ్ళు పడితే అవి కాచి తాగాలి. కాయాలంటే స్టవ్ వెలగాలి. కరెంటు పోయిందిగా, కట్టెల కోసం బయటికి వెళ్ళాలి. బయట జాంబీలున్నాయి. ఒక్క గుటక నీళ్ళకి ఇంత గొలుసు.

ఇంకో దారి కూడా ఉంది. వాల్వ్ అనే కంపెనీ 2008లో తెచ్చిన లెఫ్ట్ 4 డెడ్ అనే జాంబీ గేమ్‌లో ‘డైరెక్టర్’ అనే ప్రోగ్రామ్ మన పరిస్థితిని గమనిస్తూ ఉంటుంది. ఊపిరాడకపోతే కాసేపు వదిలేస్తుంది, కుదురుకున్నాం అనుకోగానే గుంపును పంపిస్తుంది. అక్కడ ఆకలీ లేదు దప్పికా లేదు, అయినా చెమట పడుతుంది. నేను కొన్నది ఈ రెంటిలో ఏదీ కాదు. రెండింటి పోస్టర్లూ గోడకు అంటించుకున్నదంతే.

ట్రైలర్‌ను నమ్మి మోసపోయింది నేనొక్కణ్ణే అని బాధపడలేదు లెండి. ద డే బిఫోర్ కథ గుర్తుందా? కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఒకప్పుడు అన్నిటికంటే ఎక్కువమంది విష్‌లిస్టులో, అంటే కొనాలనుకునేవాటి జాబితాలో, పెట్టుకున్న గేమ్ అది. 2023 డిసెంబర్ 7న వచ్చింది. నాలుగు రోజులకే దాన్ని చేసిన ఫంటాస్టిక్ అనే స్టూడియో మూతపడుతున్నట్టు ప్రకటించింది. 2024 జనవరి 22న సర్వర్లు కట్టేశారు. కొన్నవాళ్ళకు డబ్బు మాత్రం తిరిగి వచ్చింది.

నాకు రాలేదు, తప్పు నాదే. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా అడిగితే మామూలుగా డబ్బు వెనక్కి ఇస్తారు. నేను మూడో గంటలో కళ్ళు తెరిచాను. కనుబొమలకు పోయిన ముప్పై అయిదు నిమిషాలూ అందులో లెక్కే. మెనూలో వదిలేసి అన్నానికి వెళ్ళినా ఆ గడియారం ఆగదు. కాబట్టి మీరు కొంటే, మొహం సంగతి తర్వాత, ముందు ఆట మొదలుపెట్టండి. నీళ్ళు ఎక్కడ దొరుకుతున్నాయో చూడండి. మొదటి నాలుగు ఇళ్ళలోనూ దొరికితే వెంటనే మూసేసి డబ్బు అడగండి.

ఇప్పుడు మేమిద్దరం శనివారాలు జాంబాయిడే ఆడుతున్నాం. మొన్న ఆటలో పదమూడో రోజు నల్లా ఆగిపోయింది. వాన నీళ్ళు పట్టే డబ్బా కట్టడానికి చెక్కలు, మేకులు దొరికాయి కానీ చెత్త కవర్లు దొరకలేదు. వాటి కోసం గంటసేపు వీధి వీధి తిరిగాం. మా వాడు ఆగలేక కాచని నీళ్ళు తాగి రోగం తెచ్చుకున్నాడు. వాడికి మందు ఎక్కడ వెతకాలా అని మేం తల పట్టుకుని ఉండగా కిచెన్‌లోంచి వాళ్ళ అక్క అరిచింది.

“బాత్రూంల నల్లా ఎవలు ఇడిశిపెట్టిండ్రు? డ్రమ్ము పొంగి హాల్లకొస్తున్నయి నీళ్ళు!”