అప్‌డేట్ ఫైలు హెచ్‌టీటీపీఎస్‌లో వస్తే చాలదా?

బెంగళూరు పీణ్యలో తయారయ్యే మీ మెషీన్లు వాటంతటవే అప్‌డేట్ కావాలి, హెచ్‌టీటీపీఎస్ సర్వర్లో ఫైలు పెడితే సరిపోదా అని అడిగారు. సరిపోదు. హెచ్‌టీటీపీఎస్ కాపాడేది ఫైలు నెట్‌లో వచ్చే దారిని. సర్వరే ఎవడి చేతికైనా చిక్కితే, వాడు పెట్టిన ఫైలు కూడా అంతే భద్రంగా మీ మెషీన్లోకి దిగుతుంది. ఆడిట్ చెక్‌లిస్టులు ‘హెచ్‌టీటీపీఎస్ ఉందా’ అని అడిగి వదిలేయడం నాకు ఒళ్లుమంట.

ఫైలుకి ఈడీ25519 అనే పద్ధతిలో డిజిటల్ సంతకం చెయ్యండి. సంతకం చేసేది మీ దగ్గర రహస్యంగా ఉండే ప్రైవేట్ కీ, దాన్ని సరిచూసేది మెషీన్లో ఉండే పబ్లిక్ కీ. పబ్లిక్ కీ 32 బైట్లు, సంతకం 64 బైట్లు, ఎంత చిన్న చిప్‌కైనా బరువు కాదు. ప్రైవేట్ కీని బిల్డ్ సర్వర్లో (అప్‌డేట్ ఫైలు తయారయ్యే కంప్యూటర్లో) ఉంచొద్దు. ముగ్గురి దగ్గర మూడు హార్డ్‌వేర్ టోకెన్లు (కీని లోపలే దాచుకునే చిన్న పరికరాలు) ఉండి, ఏ ఇద్దరు సంతకం పెట్టినా చెల్లేలా చూడండి. ఒకరు ఉద్యోగం మానేసినా పని ఆగదు.

వెర్షన్ నంబరు, గడువు తేదీ కూడా సంతకం పరిధిలోనే ఉండాలి. నంబరు చూడకపోతే లోపమున్న పాత ఫైలును దాని అసలు సంతకంతోనే మళ్లీ ఎక్కిస్తారు. గడువు లేకపోతే పాత అప్‌డేట్ల జాబితానే చూపిస్తూ కొత్తది రాలేదని నమ్మిస్తారు.

ఇక్కడే గడియారం దెబ్బ కొడుతుంది. బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బ్యాటరీ అయిపోయి కరెంటు పోయి వస్తే తేదీ 1970 లాంటి పాత ఏడాదికి పోతుంది. సర్వర్ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదని మెషీన్ టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకుండే భద్రతా పద్ధతి) కనెక్షన్‌ను తోసిపుచ్చుతుంది. మెషీన్ బాగానే తిరుగుతుంటుంది, అప్‌డేట్ మాత్రం రాదు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో మంచి బ్యాటరీ కొన్నంత మాత్రాన తీరే సమస్య కాదిది. చివరిగా తెలిసిన టైమును ఫ్లాష్‌లో రాసుకుని, బూట్‌లో గడియారం దానికంటే వెనకుంటే ముందుకు జరపండి.

రాసే మధ్యలో కరెంటు పోతుందనే అనుకోండి. సాఫ్ట్‌వేర్‌కి ‘ఏ’, ‘బీ’ అని రెండు స్లాట్లు ఉంచండి. ‘ఏ’ స్లాట్ నడుస్తుంటే ‘బీ’లో రాసి, రాసినదాన్ని మళ్లీ చదివి హాష్ (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య) సరిచూశాకే, మెషీన్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్‌కి చెప్పండి. మూడుసార్లు బూటై కూడా సర్వర్‌ని అందుకోలేకపోతే ‘ఏ’ స్లాట్‌కే తిరిగి రావాలి. కనీస వెర్షన్ కౌంటర్‌ను (ఇంతకంటే పాత వెర్షన్ వద్దని చెప్పే అంకెను) కొత్త స్లాట్ నిలదొక్కుకున్నాకే పెంచండి. ముందే పెంచితే, వెనక్కి రావాల్సిన పాత స్లాట్‌నే బూట్‌లోడర్ కాదంటుంది.

సంతకం సరిగ్గా ఉన్నా ఫైలు చెడ్డది కావచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పంపింది సొంత ఫైలే. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది, అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు కూలాయి. అందరికీ ఒకేసారి వెళ్లడమే కొంప ముంచింది. మీరు ముందు వందలో ఒకదానికి పంపండి, ఒక రోజు చూసి పదికి పెంచండి. పాత స్లాట్‌కి తిరిగొచ్చినవి వందకి రెండు దాటితే పంపడం దానంతటదే ఆగాలి, ఆదివారం రాత్రి ఎవరో ఫోనెత్తేదాకా కాదు.