సొంత అక్వేరియం, సొంత ఫిల్టర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చేపల తొట్టి సొంతంగా కట్టుకుంటున్నవాళ్లవే. విజయవాడ, గుంటూరు పాఠకులు అడిగినవి కొన్ని ఏరి జవాబులిస్తున్నాం. ఏ ఫిల్టర్ కట్టబోయినా సరే, మోటారు ఉన్నట్టుండి ఆగితే ఈ నీళ్లు ఎటు పోతాయి, మళ్లీ కరెంటు వస్తే ఏమవుతుంది అన్నవి ముందే ఆలోచించుకోండి. మన ఊళ్లలో ఫిల్టర్లు నిలిచేదీ చెడేదీ అక్కడే.

ప్రశ్న: నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుతో తొట్టి కట్టుకోవాలని ఉంది. అద్దాల కొట్లో 6 మి.మీ. చాలంటున్నారు. నిజమేనా? మాది మొదటి అంతస్తు. (పటమట, విజయవాడ)

జవాబు: చాలదండి. 10 మి.మీ. తీసుకోండి. అద్దం మీద ఒత్తిడి నీటి ఎత్తును బట్టి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి అద్దం ఎంత వంగుతుందన్నది దాని పొడవును బట్టి ఉంటుంది. 45 సెం.మీ. ఎత్తున నీళ్లుంటే 120 సెం.మీ. పొడవున్న ముందు అద్దాన్ని దాదాపు 120 కిలోల బలంతో బయటికి నెడుతుంటాయి, రాత్రీ పగలూ. 6 మి.మీ. అద్దం నింపిన రోజే పగలకపోవచ్చు. కానీ మధ్యలో వంగి, ఆ లాగుడంతా మూలల్లోని సిలికాన్ మీద పడుతుంది. నెలలు గడిచాక ఏదో ఒక మూల వదులుతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే 8 మి.మీ.తో కట్టొచ్చు. అప్పుడు పై అంచున లోపలివైపు పొడవునా 7-8 సెం.మీ. వెడల్పు అద్దం పట్టీలు, మధ్యలో ఒక అడ్డపట్టీ తప్పనిసరి.

10 మి.మీ. అద్దానికి కోత కొలతలు: అడుగు 120×45 సెం.మీ. ఒకటి, ముందుకూ వెనక్కూ 120×45 రెండు, పక్కలకు 42.8×45 రెండు. పక్క అద్దాల్లో తగ్గించిన 2.2 సెం.మీ.లో 2 సెం.మీ. ముందు వెనక అద్దాల మందానికి, మిగిలింది రెండు జాయింట్లలో చెరో 1 మి.మీ. సిలికాన్‌కి. నిలువు అద్దాలన్నీ అడుగు అద్దం పైనే కూర్చోవాలి. అంచులకు పాలిష్ పట్టించండి, లేకపోతే చేతులు తెగుతాయి.

సిలికాన్ కొనేటప్పుడు ట్యూబు మీది అక్షరాలు చదవండి. 'బాత్రూం', 'శానిటరీ', 'యాంటీ ఫంగల్' అని ఉంటే వద్దు. బూజు పట్టకుండా అందులో కలిపే మందు చేపలకు విషం. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే మామూలు గ్లాస్ సిలికాన్, బూజు మందు కలపనిది కావాలి. జాయింట్ అంచులను ఎసిటోన్‌తో తుడవండి, ఆ తర్వాత వేలు తగలనివ్వకండి. వేలి జిడ్డు ఉన్నచోట సిలికాన్ పట్టదు. రాసిన పది నిమిషాల్లో పైన పొర కడుతుంది కాబట్టి ఒక్కో జాయింట్ రాసి, అద్దం నిలబెట్టి, మాస్కింగ్ టేపు తడిగా ఉండగానే తీసేయాలి. వారం రోజులు ముట్టుకోవద్దు. తర్వాత మూడో వంతు నీళ్లు పోసి ఒక రాత్రి, మూడింట రెండు వంతులు పోసి ఇంకో రాత్రి, నిండా పోసి రెండు మూడు రోజులు చూడండి. చెమ్మ కనిపిస్తే ఆ జాయింట్ మొత్తం గీకి మళ్లీ వేయాల్సిందే. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ గట్టిగా అంటుకోదు.

ఇక అంతస్తు సంగతి. నీళ్లు, అద్దం, ఇసుక, స్టాండు కలిపి 350 కిలోలు తేలిగ్గా దాటుతుంది, అదీ అర చదరపు మీటరు చోటులో. ఇళ్ల స్లాబుకు మన ప్రమాణాల్లో లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలే. కాబట్టి గది నడుమ పెట్టకండి. గోడ వారగా, కింద బీమ్ ఉన్నచోట పెట్టండి. బీమ్ ఎక్కడుందో తెలియకపోతే ఇల్లు కట్టిన ఇంజనీరును అడిగాకే నీళ్లు పోయండి. స్టాండుకీ తొట్టికీ మధ్య 10-12 మి.మీ. థర్మాకోల్ షీటు పరవడం మరవద్దు.

ప్రశ్న: నాలుగడుగుల తొట్టికి కింద 90×30×40 సెం.మీ. సంప్ ఫిల్టర్ సొంతంగా చేశాను. నీళ్లు అంచు మీదుగా వంచిన పీవీసీ పైపు ద్వారా కిందికి దిగుతాయి, మోటారు పైకి పంపుతుంది. కరెంటు పోయినప్పుడు సంప్ పొంగి హాలంతా తడిసింది. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ పెట్టాను. ఈసారి కరెంటు వచ్చాక పై తొట్టి పొంగింది. తప్పెక్కడుంది? (భవానీపురం, విజయవాడ)

జవాబు: మీకు ఎదురైనవి రెండు వేర్వేరు తప్పులు.

మొదటిది: మీరు పంపిన బొమ్మలో మోటారు పైపు మూతి నీటి మట్టానికి 10 సెం.మీ. లోపల ఉంది. మోటారు ఆగగానే అదే పైపు సైఫన్‌గా మారి నీళ్లను వెనక్కి లాగుతుంది, మూతికి గాలి తగిలేదాకా ఆగదు. మీ తొట్టిలో ఒక్కో సెంటీమీటరుకు సుమారు 5 లీటర్లు, అంటే 50 లీటర్లు కిందికి వస్తాయి. మీ సంప్ 30 సెం.మీ. దాకా నిండి ఉంటోంది, పైన మిగిలిన ఖాళీ 27 లీటర్లే. మిగతా ఇరవై పైచిలుకు లీటర్లు హాల్లోకి వచ్చాయి. చెక్ వాల్వ్‌ను నమ్ముకోకండి. పీచో, చిన్న నత్తో, ఇసుక రేణువో అడ్డం పడితే అది పూర్తిగా మూసుకోదు, మూసుకోలేదన్న సంగతి కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది. పైపు మూతిని నీటి మట్టానికి 1-2 సెం.మీ. లోపలికి మాత్రమే తెచ్చుకోండి. మట్టం కిందనే పైపుకు 3 మి.మీ. రంధ్రం వేస్తే సైఫన్ ఇంకా తొందరగా తెగుతుంది, కానీ పాచి పట్టి పూడుకుపోతుంటుంది కాబట్టి దాన్ని అదనపు జాగ్రత్తగానే చూడండి. సంప్‌లో నీటి మట్టం 20-22 సెం.మీ. దాటకూడదు.

రెండోది: వంచిన పైపు పై వంపులో సన్న బుడగలు చేరి, సైఫన్ తెగిపోయింది. మోటారుకు ఆ సంగతి తెలియదు కదా, ఎక్కిస్తూనే ఉంటుంది. దీనికి సరైన మందు వెనక అద్దానికి రంధ్రం. నీళ్లు వాటంతట అవే దిగుతాయి, సైఫన్‌తో పనిలేదు. ముందు ట్యాంక్ నిపిల్ (రంధ్రంలో పైపును బిగించే మర ముక్క) కొని, దాని మర వ్యాసం కొలిచి, ఆ తర్వాతే అద్దాల కొట్లో రంధ్రం వేయించండి. అంచు నుంచి కనీసం రంధ్రం వ్యాసమంత దూరం వదలాలి. టఫెన్డ్ గ్లాసుకు రంధ్రం వేయలేరు, డ్రిల్ తగలగానే పొడి అయిపోతుంది. ఒకటింపావు అంగుళం పైపు ఒకటి, దానికి రెండు సెంటీమీటర్ల ఎత్తున అత్యవసరానికి ఇంకొకటి పెట్టండి. రెండోదానికి వాల్వ్ గానీ జల్లెడ గానీ పెట్టకూడదు.

కట్టేసిన తొట్టి కాబట్టి రంధ్రం కుదరదంటే ఒక లెక్క మిమ్మల్ని కాపాడుతుంది. మోటారున్న గదిలో ఎత్తిపోయగలిగిన నీళ్లు, పై తొట్టిలో మిగిలిన ఖాళీ కంటే తక్కువ ఉండాలి. సంప్‌లో అడ్డు అద్దాలు పెట్టి మోటారు గదిని 25×30 సెం.మీ.కి తగ్గించండి. అక్కడి మట్టం 18 సెం.మీ., మోటారు నీళ్లు పీల్చేది 5 సెం.మీ. దగ్గర అనుకుంటే ఎత్తగలిగేది 10 లీటర్ల లోపే. పై తొట్టిలో అంచుకు 3 సెం.మీ. ఖాళీ ఉంటే 15 లీటర్లు పడతాయి. అప్పుడు పైపు పూడుకుపోయినా మోటారు ఆ పది లీటర్లూ ఎత్తి ఖాళీగా తిరుగుతుంది. మోటారు పాడవ్వచ్చు, ఇల్లు మాత్రం తడవదు.

నీళ్లు నింపే పద్ధతి కూడా మార్చండి. మోటారు ఆపి, పై తొట్టి నుంచి దిగడం పూర్తిగా ఆగాక, సంప్‌ను పై అంచుకు 5 సెం.మీ. తక్కువ దాకా నింపండి. ఇప్పుడు మోటారు వేసి, మట్టం కుదురుకున్నాక మోటారు గది అద్దం మీద మార్కర్‌తో గీత గీయండి. ఆ గీతకు పైన ఎప్పుడూ పోయకూడదు. పై పదిలీటర్ల లెక్క ఈ గీత దగ్గరే సరిచూసుకోండి. మీ గీత 18 సెం.మీ. కంటే పైన పడితే కొంత నీరు తీసేసి కిందికి దించండి. ఎండాకాలం ఆవిరయ్యే నీరంతా ఈ గదిలోనే తగ్గినట్టు కనిపిస్తుంది కాబట్టి రోజూ చూసి గీత దాకా నింపాలి.

మోటారు మీద రాసి ఉండే లీటర్లు ఎత్తు లేనప్పుడు వచ్చేవి. మీకు గంటకు సుమారు 1000 లీటర్లు చాలు. నాలుగడుగులు ఎత్తిపోయాలంటే, 2 మీటర్ల ఎత్తు అని రాసి ఉన్న మోటారు అక్కడ 40 శాతానికి అటూ ఇటూ ఇస్తుంది, అంటే 2500 లీటర్లది కావాలి. పది లీటర్ల బకెట్ పైపు కింద పెట్టి చూడండి. 36 సెకన్లలో నిండితే సరిగ్గా సరిపోయింది. మోటారు వైరు ప్లగ్గుకు చేరేముందు కిందికి ఒక వంపు తిరిగేలా వదలండి, వైరు వెంట జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఆ ప్లగ్గుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే సరఫరా తెంచే స్విచ్చి) ఉండాలి. ఇందులో రాజీ వద్దు.

ప్రశ్న: బోరు నీళ్లతో తొట్టి నింపి నియాన్ టెట్రాలు ఇరవై, ఏంజెల్ చేపలు నాలుగు వేశాం. ఫిల్టర్ కొత్తది, నీళ్లు తేటగా ఉన్నాయి. ఆరో రోజు నుంచి రోజూ రెండు మూడు చనిపోతున్నాయి. (కొరిటెపాడు, గుంటూరు)

జవాబు: తేటగా ఉన్న నీళ్లలోనే అమ్మోనియా ఉంది. చేపల వ్యర్థం, మిగిలిన మేత అమ్మోనియాగా మారతాయి. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలను చంపుతాయి, మూడోది వారం వారం నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. కొత్త ఫిల్టర్లో ఆ బాక్టీరియా ఇంకా పుట్టలేదు. పైగా మీ నీళ్లు కఠినమైనవై పీహెచ్ 8 దగ్గర ఉంటే, అంతే అమ్మోనియా పీహెచ్ 7 నీళ్లలో కంటే దాదాపు పదింతలు విషమవుతుంది.

ఇప్పుడు చేయాల్సింది: రెండు రోజులు మేత ఆపండి. రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి. బాగా నడుస్తున్న తొట్టి ఎవరిదైనా తెలిసుంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజి ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి, ఇంతకు మించిన సాయం లేదు. అమ్మోనియా, నైట్రైట్ చూసే కిట్లు రొయ్యల రైతులకు సరుకులమ్మే ఆక్వా షాపుల్లో దొరుకుతాయి. మున్సిపల్ కుళాయి నీళ్లు వాడితే క్లోరిన్ పోవడానికి అక్కడే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ కొనండి. 100 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకుని, పది లీటర్లకు 1 మి.లీ. చొప్పున వేసి కలపండి. వట్టి బోరు నీళ్లకు హైపో అక్కర్లేదు.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు చేపలు లేకుండానే ఫిల్టర్ నడపండి. 240 లీటర్లకు 2 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల పైచిలుకు అమ్మోనియా లెక్క వస్తుంది. అదీ దొరక్కపోతే పలచటి గుడ్డలో పచ్చి రొయ్య ఒకటి కట్టి వేలాడదీయండి. ముందు అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. అదే మోతాదు మళ్లీ వేశాక 24 గంటల్లో రెండూ సున్నాకు వస్తే ఫిల్టర్ సిద్ధం. దీనికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన వేడిలో కొంచెం ముందే పూర్తవ్వచ్చు, కానీ కిట్ చెప్పేదాకా ఆగండి.

చేపల ఎంపిక కూడా ఆలోచించండి. నియాన్ టెట్రాలది మెత్తటి నీళ్ల స్వభావం. కఠిన జలానికి మోలీలు, ప్లాటీలు, గప్పీలు చక్కగా కుదురుతాయి. టెట్రాలే కావాలంటే మినరల్ వాటర్ క్యాన్లతో సగం సగం కలపండి. మొత్తం ఆ నీళ్లే పోయకండి, అందులో ఖనిజాలు మరీ తక్కువై పీహెచ్ నిలవదు. ఆవిరైన నీటి స్థానంలో మాత్రం క్యాను నీళ్లే పోయాలి. బోరు నీళ్లే పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి.

ప్రశ్న: ప్రతి ఆదివారం ఫిల్టర్ స్పాంజి, సిరామిక్ రింగులు అన్నీ కుళాయి కింద శుభ్రంగా కడుగుతాను. మర్నాడు నీళ్లు పాలలా అవుతున్నాయి. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మీరు కడిగేస్తున్నది పై జవాబులో చెప్పిన ఆ బాక్టీరియానే, అమ్మా. క్లోరిన్ ఉన్న నీళ్లు వాటిని చంపుతాయి. నీళ్లు మార్చినప్పుడు తీసిన తొట్టి నీళ్లనే బకెట్లో పట్టి, అందులో స్పాంజిని నాలుగైదుసార్లు పిండండి. మట్టి రంగు పోకపోయినా ఫర్వాలేదు. రింగుల జోలికి ఆరునెలలకోసారి, అదీ సగం సగం.

ప్రశ్న: ఆరంగుళాల పీవీసీ పైపు, రెండు ఎండ్ క్యాపులతో క్యానిస్టర్ ఫిల్టర్ చేశాను. ఎండాకాలంలో మూడు గంటలు కరెంటు పోయి వచ్చాక కుళ్లు కంపు వచ్చింది, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: మూసిన డబ్బాలో నీళ్లు కదలకపోతే లోపలి ఆక్సిజన్‌ను బాక్టీరియానే వాడేస్తుంది. తర్వాత అదే చనిపోయి కుళ్లుతుంది. కరెంటు రాగానే ఆ నీళ్లన్నీ తొట్టిలోకి వెళ్లాయి. కరెంటు గంట దాటి ఆగితే, డబ్బా నుంచి తొట్టిలోకి వచ్చే పైపును ముందు బకెట్లోకి తిప్పి, డబ్బాలోని నీళ్లన్నీ పారబోసి, తర్వాతే తొట్టికి కలపండి.

ఇంకొక జాగ్రత్త: గాలితో నడిచే స్పాంజి ఫిల్టర్ ఒకటి తొట్టిలో ఎప్పుడూ ఉండనివ్వండి. 5 వాట్ల లోపు డీసీ గాలి పంపును 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి కలిపితే ఒక రాత్రి గడిచిపోతుంది. మే నెలలో నీళ్లు 33-34 డిగ్రీలకు చేరితే ఆక్సిజన్ పట్టే శక్తే తగ్గుతుంది కాబట్టి మేత సగం చేయండి, అద్దం మూత తీసి వల కప్పండి, నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి. గాలిలో మరీ ఉక్క లేకపోతే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసు గడ్డలు వేయకండి, వేడి ఒక్కసారిగా పడిపోతే చేపలు తట్టుకోలేవు.

ప్రశ్న: ఫిల్టర్లో బాక్టీరియా పెరగడానికి వేసే బయో బాల్స్, సిరామిక్ రింగులు ఖరీదు. బదులు ఏం వాడొచ్చు? (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు ఉండలు చాలా బాగా పనిచేస్తాయి. సబ్బు పట్టించినవి, స్టీలువి వద్దు. బాగా కాలిన ఇటుకను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కొట్టి, పొడి పోయేదాకా కడిగినా సరే. సిమెంటు అంటిన పాత ఇటుకలు పనికిరావు, పీహెచ్ పెంచుతాయి. తెచ్చిన రాయి లేదా ఇసుక మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేయండి. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టే, దాన్ని మోలీల తొట్టికి ఉంచి టెట్రాల తొట్టికి వేరేది చూసుకోండి.