ఇప్పుడు ఏ రికార్డు తిరుగుతోంది?

ఈ నెల మీరు వింటున్న జాజ్ ఆల్బమ్ ఏమిటో, వినేటప్పుడు వచ్చిన చిక్కేమిటో రాయమని అడిగాం. ఎక్కువ ఉత్తరాలు 1959 నాటి రికార్డుల మీదే వచ్చాయి. ఆశ్చర్యమేమీ లేదు, జాజ్‌లో అంత పంట పండిన ఏడాది ఇంకోటి చూపించడం కష్టం.

ప్రశ్న: మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పాత ఎల్పీ వింటున్నాను. దాంతోపాటు వయొలిన్ వాయిద్దామంటే మొదటి వైపు శ్రుతి కలవడం లేదు, రికార్డు కొంచెం పైన పలుకుతోంది. లోపం టర్న్‌టేబుల్‌దా, రికార్డుదా? – పాఠకురాలు, విజయవాడ

జవాబు: రికార్డు తిరగేసి రెండో వైపు ‘ఆల్ బ్లూస్’తో వాయించి చూడండి. అక్కడ శ్రుతి కలిసి, మొదటి వైపు మాత్రమే పైకి పోతుంటే మీ టర్న్‌టేబుల్ బాగానే ఉన్నట్టు. ఈ ఆల్బమ్‌ను 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండు విడతల్లో న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో రికార్డు చేశారు. మొదటి రోజు అసలు టేపు నడిచిన యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా ఎక్కిన టేపును తర్వాత సరైన వేగంతో నడిపితే పాట పరుగూ పెరుగుతుంది, శ్రుతీ పెరుగుతుంది. ఆ రోజు వాయించిన ‘సో వాట్’, ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’, ‘బ్లూ ఇన్ గ్రీన్’ మూడూ మొదటి వైపునే ఉన్నాయి. పక్కన రెండో యంత్రం మీద జాగ్రత్తకోసం నడిపిన టేపు సరైన వేగంలోనే ఉంది. దాని నుంచి 1992లో సరిచేసిన సీడీ వచ్చింది. 1997 తర్వాతి సీడీలు, ఇప్పుడు అమ్ముతున్న ఎల్పీల్లో చాలావరకు సరైన శ్రుతివే. పాత ముద్రణలతో సాధన చేసినవాళ్లు ఏళ్ల తరబడి తమ వాయిద్యాన్నే అనుమానించి ఉంటారు.

రెండు వైపులా శ్రుతి పైకి పోతుంటే మాత్రం తప్పు టర్న్‌టేబుల్ వేగానిదే. ఫోన్‌లో ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) కొలిచే యాప్ వేసుకుని, ఫోన్‌ను ప్లేటు మధ్యగా పెట్టి తిప్పండి. 33.33 రావాలి. వేగం ఒక శాతం పెరిగితే శ్రుతి 17 సెంట్లు పెరుగుతుంది (ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి 100 సెంట్లు). మూడు శాతం పెరిగిందంటే అర స్వరస్థానం దాటినట్టే, వయొలిన్ చెవికి అది భరించరాదు. చాలా డీసీ మోటారు టర్న్‌టేబుళ్లకు అడుగున చిన్న రంధ్రంలో వేగం సరిచేసే స్క్రూ ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పడం, మళ్లీ కొలవడం, అంతే. 33కీ 45కీ వేరువేరు స్క్రూలున్న మోడళ్లలో ఏది దేనిదో ముందే చూసుకోండి. వేగం నిలకడగా లేక పైకీ కిందికీ ఊగుతుంటే బెల్టు సాగిందన్నమాట. స్క్రూ జోలికి పోకుండా బెల్టు మార్చండి.

ఇదే కోవలో డాలస్ నుంచి ఒక పాఠకుడు రాశారు. అమెరికాలో కొన్న పాత టర్న్‌టేబుల్‌ను హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఇంట్లో పెట్టారట, 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొన్నారు, అయినా పాట ఈడ్చుకుంటూ వస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని మార్చదండీ. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఏసీ సింక్రనస్ మోటారు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి 33.33 తిరగాల్సిన ప్లేటు 27.8 తిరుగుతుంది, శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది. ఆ మోడల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారుకు ఉండే చిన్న చక్రం) దొరికితే వేయించండి. దొరక్కపోతే అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారుది కొనడమే మేలు.

ప్రశ్న: నేనూ అదే ఆల్బమ్ వింటున్నాను. కర్ణాటక సంగీతం అలవాటున్న చెవి. ‘సో వాట్’లో ఆవర్తనం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందడం లేదు. – పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ చెవికి ఇది అందరికన్నా తేలిగ్గా దొరకాలి. ఈ పాట జాజ్‌లో డోరియన్ అనే స్వరవరుసలో నడుస్తుంది, అది స్వరాల వరకు మన ఖరహరప్రియే. మొదటి 16 బార్లు పాశ్చాత్య స్వరం ‘డి’ షడ్జంగా ఖరహరప్రియ స్వరాలు. తర్వాతి 8 బార్లు అవే స్వరాలు ఒక స్వరస్థానం పైన, ‘ఇ ఫ్లాట్’ షడ్జంగా. మళ్లీ 8 బార్లు ‘డి’ మీద. బారుకు నాలుగు దెబ్బలు, మొత్తం 32 బార్లు, 128 దెబ్బలు. ఆ వేగంలో ఒక చుట్టుకు దాదాపు 56 సెకన్లు.

మొదట తాళం లేకుండా పియానో, బాస్ కలిసి నడిపేది వదిలేయండి. బాస్ ఒక పలుకు పలికి, మిగతావాళ్లు రెండు దెబ్బలతో బదులిచ్చే చోట లెక్క మొదలుపెట్టండి. ఆ జవాబు మెట్టు పైకెక్కిందంటే 16 బార్లు పూర్తయ్యాయి, దిగిందంటే 24. అలా ఒక చుట్టు ముగిశాక డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ ఝల్లుమనిపిస్తాడు, మైల్స్ ట్రంపెట్‌తో సోలో అందుకుంటాడు. మైల్స్ రెండు చుట్లు, శాక్సఫోన్ల మీద కోల్ట్రేన్ రెండు, క్యానన్‌బాల్ యాడర్లీ రెండు, పియానో మీద బిల్ ఎవాన్స్ ఒకటి. సోలోలో దారి తప్పితే దెబ్బలు లెక్కపెట్టకండి, షడ్జం పైకి జరిగే చోటు కోసం కాచుకుని ఉండండి. అది దొరికితే మిగతాదంతా దొరికినట్టే.

ఒక్క మాట: గమకం లేదు కాబట్టి ఖరహరప్రియ ‘రాగం’ వినబడదు. దాన్ని వెతుక్కుంటే నిరాశే. స్వరాల మీద ఊపిరి ఎక్కడ ఆగుతోందో వినండి, మైల్స్ పనితనమంతా అక్కడుంది.

ప్రశ్న: డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’. ‘టేక్ ఫైవ్’కి ఖండచాపు వేస్తుంటే చెయ్యి ఎదురు తిరుగుతోంది. – పాఠకుడు, తెనాలి

జవాబు: ఖండచాపులాగే అయిదు దెబ్బలే, కానీ విరుపు తిరగబడింది. ఖండచాపు ‘తక తకిట’. ఇది ‘తకిట తక’, మూడు తర్వాత రెండు. పియానో ఆ నడకను చివరిదాకా వదలదు, జో మొరెల్లో డ్రమ్స్ సోలోలో కూడా. అందుకే మీ చెవి పియానో మీదే ఉంచండి. ‘బ్లూ రోండో అలా టర్క్’లో తొమ్మిది: ‘తక తక తక తకిట’ మూడుసార్లు, నాలుగోసారి ‘తకిట తకిట తకిట’. సోలోలు రాగానే మామూలు నాలుగు దెబ్బల నడకకు మారుతుంది. ‘త్రీ టు గెట్ రెడీ’లో రెండు మూళ్లు, రెండు నాలుగులు, వెరసి పద్నాలుగు.

‘టేక్ ఫైవ్’ బ్రూబెక్ కూర్చినది కాదు, ఆల్టో శాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్‌ది. తన రాబడి హక్కులను ఆయన అమెరికన్ రెడ్‌క్రాస్‌కు రాసిచ్చారు.

ప్రశ్న: ఫోన్‌లో ఇయర్‌ఫోన్స్‌తో వింటాను. పాత రికార్డుల్లో ఒక చెవిలో శాక్సఫోన్, ఇంకో చెవిలో డ్రమ్స్ వస్తాయి, తలనొప్పిగా ఉంది. ప్రస్తుతం బిల్ ఎవాన్స్ ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ వింటున్నాను. – పాఠకురాలు, వరంగల్

జవాబు: తొలినాళ్ల స్టీరియో పద్ధతే అంత. ఒక్కో వాయిద్యాన్ని ఒక పక్కకు నెట్టేసేవారు. ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో కోల్ట్రేన్ ఎడమన, యాడర్లీ కుడిన. ఒక ఇయర్‌బడ్ చార్జింగ్ అయిపోతే ఒకరు మాయం! ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ‘మోనో ఆడియో’ ఉంటుంది, ఆన్ చేయండి. యాప్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట ముగుస్తుండగానే తర్వాతిది మొదలయ్యే ఏర్పాటు) పూర్తిగా తీసేయండి, షఫుల్ కూడా. లైవ్ రికార్డులో పాట చివరి చప్పట్ల మీద తర్వాతి పాట ఎక్కి కూర్చుంటే ఆ గది వాతావరణమే పోతుంది.

మీ ఆల్బమ్ 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో రికార్డయింది. గ్లాసుల గలగల, జనం మాటలు వినబడతాయి, అవి మీ ఫోన్ దోషం కాదు. బాసిస్టు స్కాట్ లఫారో ఆ తర్వాత 11 రోజులకే కారు ప్రమాదంలో పోయాడు. అదే రోజు వాయించినదంతా కలిపిన మూడు సీడీల సెట్టులో మొదటి ట్రాక్ మధ్యలో తెగుతుంది. కరెంటు పోయింది మరి, న్యూయార్క్‌లో కూడా! కొత్తగా వినేవాళ్లు ఆ సెట్టు జోలికి పోకండి. ఒకే పాట రెండుమూడు సార్లు వస్తుంది, విసుగు పుడుతుంది. ముందు ‘సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్’, ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ విడిగా వినండి.

ప్రశ్న: కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ ఎల్పీ. రెండో వైపు చివర శాక్సఫోన్ గరగరలాడుతోంది. రికార్డు అరిగిపోయిందా? – పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అరిగి ఉండవచ్చు, కానీ ముందు నీడిల్‌ను అనుమానించండి. అంచు దగ్గర గాడి నీడిల్ కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెడుతుంది, లోపలికి వచ్చేసరికి 21కి పడిపోతుంది. అదే ధ్వని సగం కన్నా తక్కువ చోటులో ఇరుక్కుంటుంది కాబట్టి చిన్న లోపమైనా అక్కడే బయటపడుతుంది. నీడిల్‌ను మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవండి. తర్వాత నీడిల్ రికార్డు మీద మోపే బరువు డిజిటల్ తూకంతో చూడండి. ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి (నీడిల్ అమర్చి ఉండే భాగం) 2 గ్రాములు. తక్కువైతే రికార్డుకు మంచిదనుకుంటారు కానీ, నీడిల్ గాడిలో ఎగిరెగిరి పడి గోడలను చెక్కేస్తుంది. ఆ తర్వాత ప్రొట్రాక్టర్ కాగితం (కోణం చూసే గీతల కాగితం) మీద కార్ట్రిడ్జ్ కోణం, చివరికి యాంటీ-స్కేట్ (నీడిల్ లోపలి పక్కకు లాగకుండా ఆపే అమరిక). ఇవన్నీ సరిగ్గా ఉన్నా, వేరే రికార్డుల చివర బాగానే పలుకుతున్నా, అప్పుడు మీ కాపీ అరిగినట్టే.

ఆ చివరి భాగం ‘సామ్’ను మాత్రం సరిగ్గా వినాలి. కవరు లోపల అచ్చయిన కోల్ట్రేన్ సొంత కవితను ఆయన అక్కడ శాక్సఫోన్ మీద మాట మాటగా పలికిస్తాడు. కవిత మీద వేలు పెట్టుకుని వింటే ఏ వరుస దగ్గరున్నారో తెలిసిపోతుంది.

ప్రశ్న: మన తెలుగువాళ్లు వాయించిన జాజ్ ఆల్బమ్ ఏదైనా చెప్పండి. – పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండు. రుద్రేశ్ మహంతప్ప, కద్రి గోపాల్‌నాథ్ కలిసి చేసిన ‘కిన్స్‌మెన్’ (2008)లో వయొలిన్ విజయనగరం బిడ్డ ఎ.కన్యాకుమారి గారిది. రెండు ఆల్టో శాక్సఫోన్లుంటాయి. స్వరం నుంచి స్వరానికి జారుతూ పోయేది గోపాల్‌నాథ్, పదునుగా నరికేది మహంతప్ప. రెండోది జాన్ మెక్‌లాఫ్లిన్ ‘రిమెంబర్ శక్తి’ బృందం ‘ది బిలీవర్’ (2000). అందులో మాండొలిన్ పాలకొల్లు యు.శ్రీనివాస్‌ది. మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు జంటలుగా ఉంటాయి. ఆయనది అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్‌ది. గిటారూ మాండొలినూ ప్రశ్నాజవాబులాడే చోట్ల ఎవరిది ఏదో పట్టుకోండి, మంచి చెవి పరీక్ష.

ప్రశ్న: రికార్డులు దేంతో తుడవాలి? – పాఠకురాలు, కాకినాడ

జవాబు: నాలుగు పాళ్లు డిస్టిల్డ్ వాటర్, ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మైక్రోఫైబర్ గుడ్డ, గాడి వెంబడే గుండ్రంగా. లేబుల్ తడవనివ్వకండి. కుళాయి నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు గాడిలోనే ఉండిపోతుంది. పూర్తిగా ఆరకుండా కవర్లో పెడితే మీ సముద్రపు గాలికి బూజు ఖాయం. ఎండ తగిలే గోడకు ఆనించకండి, నిలువుగా పెట్టండి, వాల్చకండి. ఇంట్లో తాతగారి కాలపు 78 ఆర్‌పీఎం తెలుగు రికార్డులుంటే వాటికి ఈ ద్రావణం చుక్క కూడా తగలకూడదు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌కు కరిగిపోతాయి. వాటికి డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే, అదీ తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి.