దస్తావేజు అరుగు: మీ ప్రశ్నలకు అనంతపురం దస్తావేజు లేఖరి జవాబులు

ప్రశ్న: ల్యాండ్ టైట్లింగ్ చట్టం భూమికి గట్టి హక్కు ఇచ్చేదని మా ఊళ్లో కొందరు, ఉన్న హక్కే పోయేదని కొందరు. రద్దయినాక కూడా రచ్చబండ మీద ఆ గొడవ తెగలేదు. పేరు చూస్తే మంచిదే కదా? అసలీ పేర్లు ఎవరు పెడతారు?
- ఒక రైతు, రాయదుర్గం

జవాబు: పేరు మంచిదేనప్పా. బిల్లు తెచ్చే శాఖే పేరూ రాసుకుంటుంది, రెండూ కలిసే సభలో పాసవుతాయి. కన్నబిడ్డకు ఎవరైనా చెడ్డపేరు పెట్టుకుంటారా? కోర్టుల్లో మాత్రం ఆ పేరు ఏ చట్టమో గుర్తుపట్టడానికే. వాదనంతా సెక్షన్ల మీదే.

ఆ చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకొచ్చి, 2024లో రద్దయింది. దాని ప్రకారం అధికారి భూమి హక్కుల రిజిస్టరులో ఒకరి పేరు ఎక్కించినాక రెండేళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ పేరే ఖాయం. గొడవొస్తే సివిల్ కోర్టుకు పోయే దారి లేదు. ఆ అధికారి దగ్గరికి, అక్కడ్నుంచి అప్పీలు అధికారి దగ్గరికి, ఆపైన హైకోర్టుకే. బెంగళూరుకు కూలికి పోయినోనికి రెండేళ్లు ఎంతసేపు? లాయర్లు కోర్టులు బహిష్కరించింది అందుకే. ఫీజులు పోతాయని వాళ్ల బాధ అని ఎగతాళి చేసినోళ్లూ ఉన్నారు. అదీ కొంత ఉండొచ్చు గానీ, రైతుకు తగిలే దెబ్బ అబద్ధం కాదు.

అట్లని, గట్టి హక్కు ఇచ్చే చట్టం కావాలన్న దాన్ని తెచ్చినోళ్ల మాటలో పస లేదనీ అనను. ఇప్పుడున్నదాని పేరు తక్కువ మోసం చేస్తోందా? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టాన్ని నమ్ముకుని, ముద్ర పడింది కాబట్టి భూమి నాదే అనుకుంటారు జనం. అక్కడ నమోదయ్యేది కాగితం, హక్కు కాదు. అమ్మినోనికి లేని హక్కు కొన్నోనికి ఎక్కడ్నుంచి వస్తుంది? మా దగ్గరకొచ్చే కొనేటోళ్లు, అమ్మేటోళ్లు వేలిముద్ర వేసేదాకా షెడ్యూలులో, అంటే దస్తావేజులో భూమి వివరాలు రాసే చోట, సర్వే నంబరు చదవరు. తూర్పు హద్దు ఎవరిదని నేనడిగితే, కొనేటాయన అమ్మేటాయన ముఖం చూస్తాడు. ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), రెవెన్యూ వాళ్ల 1బి, అడంగల్ పక్కపక్కన పెట్టుకుని పేరూ విస్తీర్ణమూ కలుస్తున్నాయా అని చూసుకోవాల్సింది మీరే.

కొత్త చట్టం ఏదొచ్చినా నేను ముందు చివరి పేజీలకే పోతా, సివిల్ కోర్టుకు అధికారం లేదన్న సెక్షన్ ఉందా అని. ఆ తర్వాతే మిగతాది.

ప్రశ్న: నా వయసు 54. భర్త లేరు. ఇల్లు కొడుకు పేర దానం రాసిచ్చినాను. ఇప్పుడు అన్నం కూడా పెట్టడు. వృద్ధుల చట్టం 60 నిండినోళ్లకేనని చెప్పి పంపించినారు. నిజమేనా?
- ఒక తల్లి, గుంతకల్లు

జవాబు: సగమే నిజం తల్లీ. అందరూ వృద్ధుల చట్టమంటారు గానీ, 2007 నాటి ఆ చట్టం తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. కన్నవాళ్లకు అందులో వయసు లెక్క లేదు. సంపాదన, ఆస్తి లేక బతకడం కష్టమైతే 54 ఏళ్లకే ఆర్డీవో ట్రిబ్యునల్‌లో భరణం అడగొచ్చు. కూతురుంటే ఆమెనూ అడగొచ్చు. నెలకు 10,000 రూపాయలకు మించదు.

ఇల్లు వెనక్కి రావడం వేరే సంగతి. దానపత్రం చెల్లదని ఆ ట్రిబ్యునల్ చెప్పడానికి 23వ సెక్షన్ ఉంది. అది మాత్రం 60 నిండినోళ్లకే. అదీ నన్ను పోషించాలనే షరతు మీద రాసిచ్చుంటేనే. మీరు సివిల్ కోర్టుకే పోవాలి. పోయేముందు మీ దస్తావేజులో ఆ పోషణ షరతు ఉందేమో చూడండి. 'ప్రేమాభిమానములతో' అన్నది ప్రతిదాంట్లోనూ ఉంటుంది, అది షరతు కాదు. పోషణ మాట కూడా రాద్దామా అని నేనడిగితే, కొడుకు ముందర బాగుండదని తల్లులే వద్దంటారు.

ప్రశ్న: ఉపాధి హామీలో 100 రోజులంటే మనిషికా, ఇంటికా? మేం ముగ్గురం పోతాం.
- నార్పల నుంచి ఒకరు

జవాబు: ఇంటికే. ముగ్గురూ రోజూ పోతే 34వ రోజుకే అయిపోతాయి. 2006 ఫిబ్రవరి 2న మీ మండలంలోని బండ్లపల్లిలో పథకం మొదలైన రోజు నుంచీ లెక్క అదే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం 125 అంది, అదీ ఇంటికే. మీ ముగ్గురిలో ఎవరైనా వేరు కాపురం పెట్టుంటే వేరే జాబ్ కార్డు అడగండి, వాళ్ల రోజులు వాళ్లకు వస్తాయి.